గుంపు గొంతుల ఆంటీ

పోయిన నెల జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంటి సెల్లార్‌లో పాడ్‌కాస్ట్ చేసే కుర్రాళ్లు నన్ను మాట్లాడటానికి పిలిచారు. ఎదురుగా మైకు, వెనక గులాబీ రంగు దీపం, నాకూ ప్రశ్నలడిగే అతనికీ మధ్య ఎవరూ తాగని రెండు కాఫీ కప్పులు. నువ్వు పెరిగిన షేక్‌పేట ఎట్లా ఉండేది, రాప్ ఎప్పుడు మొదలుపెట్టావు అని అడిగాక, అతను కుర్చీలో ముందుకు జరిగి, "అన్నా, మీ ఇన్‌ఫ్లుయెన్స్ ఎవరు?" అన్నాడు. నేను ఏదో అమెరికా పేరు చెబుతానని అతని ఆశ.

"కృష్ణానగర్‌ల ఒక ఆంటీ ఉండె" అన్నాను.

"ఆంటీ అంటే... స్టేజ్ నేమా అన్నా?"

"కాదు తమ్మీ. ఆంటీ అంటే ఆంటీనే."

ఇరవై నిమిషాలు చెప్పాను. వీడియో వచ్చాక చూస్తే ఆ ఇరవై నిమిషాలూ లేవు. ఫోన్ చేస్తే, "ఫ్లో దెబ్బతింటున్నదన్నా, కట్ చేసినం" అన్నాడు పాపం, చాలా మర్యాదగా. అతని తప్పేం లేదు. ఆంటీ గురించి చెప్పడం మొదలుపెడితే ఏ ఫ్లో అయినా దెబ్బతింటుంది. ఆమె పోయి ఏడాది దాటింది. మనసులో పెట్టుకుని తిరగడం కంటే రాసి పెట్టడం మేలనిపించి రాస్తున్నాను.

నేనూ, బీట్లు చేసే నా స్నేహితుడు ఇమ్రానూ కృష్ణానగర్‌లో లిఫ్టు లేని ఒక బిల్డింగ్‌లో మూడో అంతస్తులో గది కిరాయికి తీసుకున్నాం. గోడలకు గుడ్డు అట్టలు అతికించాం. అతికిస్తే బయటి చప్పుడు లోపలికి రాదని, లోపలి చప్పుడు బయటికి పోదని ఎవరో చెప్పారు. ఆ చెప్పిన మనిషి ఎప్పుడూ కృష్ణానగర్‌లో ఉండలేదనుకుంటాను. బయటి ఆటోల హారన్లు, కింది అంతస్తులో డాన్సర్ల వన్ టూ త్రీ లెక్కలు, పక్క బిల్డింగ్ కుక్కర్ కూతలు అన్నీ మా మొదటి పాటలో ఉన్నాయి.

మొదటిరోజు మధ్యాహ్నం నేను రికార్డింగ్ చేస్తుంటే పక్క గది వైపు గోడ మీద ఎవరో దబదబ కొట్టారు. ఇమ్రాన్ మొహం వాడిపోయింది. "అయిపోయింది భయ్. మొదటిరోజే ఖాళీ చేయిస్తరు" అన్నాడు. రెండు నిమిషాలకు తలుపు దగ్గరికి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. మే నెల ఎండలో మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని ఉంది. చేతిలో ఫ్లాస్కు.

"ఎవర్రా ఆ చచ్చిపోతున్నది?" అంది.

"ఎవరు చస్తలేరాంటీ. రాప్ చేస్తున్నం."

"మరి ఊపిరెందుకు అందట్లేదు? నాలుగు ముక్కలు అంటావు, ఆయాసపడతావు. మళ్లీ నాలుగు ముక్కలు, మళ్లీ ఆయాసం. ఎవరో ఉబ్బసం మనిషి ఒంటరిగా అవస్థ పడుతున్నాడని పరిగెత్తుకొచ్చాను."

నాకు కోపం వచ్చింది. అప్పటికి నేను షేక్‌పేట వాట్సాప్ గ్రూపుల్లో కొంత పేరున్నవాణ్ని. "మీకేం తెలుసాంటీ గొంతుల గురించి?" అన్నాను.

ఆంటీ ఫ్లాస్కు కింద పెట్టింది. మఫ్లరు కొంచెం వదులు చేసుకుంది. "ఏ గుంపు కావాలి? పెళ్లా, చావా, సంతా?" అంది.

మాకు అర్థం కాలేదు. ఇమ్రాన్ ఏదో ఒకటి అనాలని, "సంత" అన్నాడు.

ఆ తరువాత అరనిమిషం పాటు ఆ గదిలో సంత జరిగింది. వంకాయలు అమ్మే ఆవిడ, బేరమాడే ముసలాయన, తప్పిపోయిన పిల్లాడి ఏడుపు, వాణ్ని వెతుక్కునే తల్లి, మధ్యలో ఒక గేదె. గేదె కూడా ఆంటీయే. ఇమ్రాన్ నోరు తెరిచి, రికార్డింగ్ బటన్ నొక్కడం మరిచిపోయాడు. దాని గురించి వాడు ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు.

ముప్పై ఏళ్లుగా ఆమె చేసే పని అదే. సినిమాలో వెనక ఉన్న జనానికి గొంతు ఇవ్వడం. ఊళ్లోకి వరద వస్తే "పారిపోండర్రోయ్" అనేది ఆమె. హీరో గెలిస్తే "మా బాబే" అనేది ఆమె. పోలీసు జీపు వస్తే "వచ్చారమ్మా వచ్చారు" అని గొణిగేది ఆమె. ఏ సినిమాలోనూ ఒక మనిషి మొహానికి, ఒక పాత్రకి ఆమె గొంతు అతకలేదు. అందుకని టైటిళ్లలో పేరు కూడా ఎప్పుడూ పడలేదు. డబ్బింగ్ కో-ఆర్డినేటర్ ఫోన్ చేసి, "రేపు పొద్దున ఫిల్మ్ నగర్‌లో చావండీ, ఎనిమిదింటికి వచ్చెయ్యండి" అంటే, "ఎంతమంది చావు?" అని అడిగేది. ఊరంతా ఏడ్చే చావుకు ఒక గొంతు, ఇంట్లో నలుగురు ఏడ్చే చావుకు మరో గొంతు.

ఆమెది గుంటూరు వైపు. భర్త చర్చిలో హార్మోనియం వాయించేవాడట, చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఆదివారం పొద్దున ఆరాధన అయ్యేవరకు ఆమె ఒక్కమాట మాట్లాడేది కాదు. క్వైర్‌లో పాడాలి కాబట్టి గొంతు దాచుకునేది. ఆదివారం మెట్ల మీద ఎదురైతే చేత్తోనే అన్నీ అడిగేది. తిన్నావా అన్నది సులువు. "మీ ఇద్దరిలో కుళాయి కట్టెయ్యకుండా పోయిన గాడిద ఎవరు" అన్నది చేత్తో అడగడం మామూలు పని కాదు. కానీ ఆంటీ అడిగేది, మాకు స్పష్టంగా అర్థమయ్యేది.

ఫోన్‌లో లోన్ కావాలా అని ఎవరన్నా అడిగితే ఐదేళ్ల పిల్ల గొంతుతో "అమ్మ స్నానం చేస్తోందండీ" అనేది. అవతలివాడు పట్టువదలకపోతే వెంటనే ఒక లావుపాటి మగగొంతుతో "ఎవడ్రా అది, పిల్లతో మాట్లాడేది?" అనేది. ఒకసారి బాల్కనీ కింద ఇద్దరు బైకుల వాళ్లు కొట్టుకోబోతుంటే, పైనుంచి పదిమంది అరుస్తున్నట్టు "వదిలెయ్యండ్రా, వెళ్లండ్రా, ఎస్సై గారొస్తున్నారు" అని వినిపించింది. వాళ్లు తలెత్తి చూస్తే మఫ్లరు కట్టుకున్న ఒక ముసలావిడ బట్టలు ఆరేస్తోంది. బైకులెక్కి వెళ్లిపోయారు.

మరుసటి రోజు నుంచి నా శిక్షణ మొదలైంది. నేను అడగలేదు, ఆమె ఒప్పుకున్నానని అనలేదు. పద్ధతి ఇది: కింది నుంచి మూడో అంతస్తు దాకా, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా భుజాన పెట్టుకుని, పదహారు లైన్లు ఆయాసం వినబడకుండా చెప్పాలి. ఎక్కడ ఊపిరి తీసుకున్నానో ఆంటీ పైనుంచి వింటుంది.

"రెండో అంతస్తు మలుపులో దొంగతనంగా తీసుకున్నావు. దిగు."

"ఆంటీ, జర్రంత..."

"మాటకు ముందు తీసుకోవాలిరా ఊపిరి, మాట మధ్యలో కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్లు తాగుతామా? దిగు."

మెట్ల మీద డబ్బా మోస్తూ పద్యంలా ఏదో చదువుకుంటూ ఎక్కే నన్ను చూసి కింది అంతస్తు డాన్సర్లు మొక్కు అనుకున్నారు. ఒకమ్మాయి, "ఏ దేవుడికి, అన్నా?" అని కూడా అడిగింది. మూడు నెలలు గడిచాక నాకు రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, ఊపిరి అంటే ఏమిటో. రెండు, ఆ మూడు నెలలూ ఆంటీ ఇంటికి నీళ్ల డబ్బా తెచ్చిపెట్టేవాడు వేరే ఎవరూ రాలేదని.

బూతులు మాత్రం ఒప్పుకునేది కాదు. నా పాటల్లో అవి గట్టిగానే ఉండేవి. "ప్రభువు వింటాడురా" అనేది మొదట. నేను వినకపోతే, "సరే, ప్రభువు సంగతి వదిలెయ్. ఆ మాట దగ్గర నీ గొంతు చూడు, చిన్నపిల్లాడు అమ్మకు తెలియకుండా అన్నట్టుంది. ధైర్యంగా అనగలిగిన మాట పెట్టు" అంది. "ఏం పెట్టాలె?" అన్నాను చిరాగ్గా. ఆమె అప్పుడు కూర తరుగుతోంది. "సొరకాయ అను" అంది. పంతానికి అలాగే అన్నాను. "ఏం సొరకాయ చూస్తున్నవ్‌రా?" ఈ రోజుకీ కాలేజీ పిల్లలు నన్ను రోడ్డు మీద చూస్తే అరిచే లైను అదొక్కటే. నేను ప్రాణం పెట్టి రాసిన మిగతా పాటలు ఎవరికీ గుర్తులేవు.

ఇక జూబ్లీ హిల్స్ కేఫ్ సంగతి. ఆదివారాలు సాయంత్రం అక్కడ ఎవరైనా వచ్చి మైకు పట్టుకోవచ్చు. కవితలు చదివేవాళ్లు, గిటారు వాళ్లు, జోకులు చెప్పేవాళ్లు వస్తారు. మాకు అది మొదటి అసలైన స్టేజి. ఆంటీ కూడా వస్తానంది. చర్చి చీర కట్టుకుంది, మఫ్లరు మార్చింది. అక్కడ కుర్చీలు లేవు, నేల మీద పెద్ద పెద్ద దిండ్లు. ఆంటీ ఒకదానిలో కూర్చోబోయి సగం మునిగిపోయింది. ఇమ్రాన్ లాగి పైకి తీసి, గోడ పక్కన ఒక స్టూలు వెతికి తెచ్చాడు.

మా ముందు ఒక అమ్మాయి కవిత చదివింది. అయిపోయాక జనం చప్పట్లు కొట్టకుండా వేళ్లతో చిటికెలు వేశారు. అక్కడ అది మర్యాద. ఆంటీ నా వైపు వంగి, "అంత బాగా చదివింది పిల్ల. వీళ్లేంట్రా, అందరూ ఒక్కసారే వెయిటర్ని పిలుస్తున్నారు?" అంది.

నా వంతు వచ్చింది. ముప్పైమంది ఉంటారు. సగం మంది ల్యాప్‌టాప్‌ల వెనక ఉన్నారు. ఇమ్రాన్ బీట్ వదిలాడు. నేను మొదలుపెట్టాను:

"షేక్‌పేట గల్లీ..."

అంతే. ఆ తరువాత ఏముందో నాకు తెలియలేదు. మూడు నెలలు మెట్ల మీద మోసిన పాట. ఒక్క మాట లేదు. బీట్ తిరుగుతోంది. ఎవరో కాఫీలో చక్కెర కలుపుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. మళ్లీ "షేక్‌పేట గల్లీ" అన్నాను. మళ్లీ ఆగిపోయాను. ముందు వరుసలో ఒకతను జాలిగా ఫోన్ తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన దగ్గాడు. "ఏమన్నాడే?" అన్నాడు.

ఒక ఆడగొంతు, "షేక్‌పేట అంటున్నాడండీ, షేక్‌పేట!" అంది.

"మా షేక్‌పేటేనా?" అని ఒక నడివయసు మనిషి.

ఒక కుర్రగొంతు, గట్టిగా: "అన్నా! మళ్లీ!"

ఆ 'మళ్లీ' నా చెవిలో పడగానే తాళం తెరుచుకున్నట్టయింది. అదే కదా నా ప్రాస!

"షేక్‌పేట గల్లీ, నా పేరు చెప్పు మళ్లీ,
ఫ్లైఓవర్ కింద పుట్టినం, ఎక్కుతం జూబ్లీ!"

ఆ తరువాత ఆగలేదు. ప్రతి రెండు లైన్లకూ వెనక నుంచి షేక్‌పేట మొత్తం "మళ్లీ!" అంటోంది. జనం తిరిగి చూస్తున్నారు. స్టూలు మీద ఒక ముసలావిడ తప్ప ఎవరూ లేరు. అది కూడా మా పాటలో భాగమే అనుకున్నారు. నాలుగోసారికి ల్యాప్‌టాప్‌లు మూసి వాళ్లూ "మళ్లీ" అన్నారు. అయిపోయాక చప్పట్లే కొట్టారు, చిటికెలు కాదు.

దిగివచ్చి ఆంటీ కాళ్లు పట్టుకోబోయాను. "పన్నెండో లైనులో ఊపిరి దొంగిలించావు" అంది.

ఆ రోజు అక్కడ ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఉన్నాడు. వారం తిరగకుండా ఫిల్మ్ నగర్‌లోని వాళ్ల ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. హీరో మొదటిసారి తెర మీదకు వచ్చేచోట ఒక చిన్న రాప్ కావాలట. నేనూ ఇమ్రానూ వెళ్లాం. పెద్దవాళ్లు ఒకరు తోడుంటే బాగుంటుందని ఆంటీని కూడా తీసుకెళ్లాం. డైరెక్టర్ గారు మర్యాదగానే విన్నాడు. తల ఊపాడు. "సూపర్‌గా ఉందమ్మా. ఒక్కటే. పుట్టినం, ఎక్కుతం అంటే అన్ని ఏరియాలకీ రీచ్ అవదు. పుట్టాం, ఎక్కుతాం అని మార్చేద్దాం" అన్నాడు.

నా భాషను మార్చనని లేచి వచ్చేశానని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ ఇది నిజంగా జరిగింది రాస్తున్నాను. "మార్చేద్దాం సార్" అన్నాను. అరక్షణం కూడా ఆలోచించలేదు.

పక్క గదిలో మైకు ముందు నిలబెట్టారు. 'పుట్టాం' దగ్గర ఒక దీర్ఘం, 'ఎక్కుతాం' దగ్గర ఒక దీర్ఘం. రెండు దీర్ఘాలు వచ్చేసరికి నా లెక్క తప్పింది. 'జూబ్లీ' దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లేదు. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. ప్రతిసారీ 'జూ' అని ఆగిపోతున్నాను. చివరికి డైరెక్టర్ గారు భుజం తట్టి, "ఫీల్ అవకు, వేరే సింగర్‌తో పాడించుకుంటాం, రైటర్‌గా నీకు చూద్దాం" అన్నాడు.

బయటికి వస్తే అక్కడ ఇంకో గొడవ. ఆంటీకి ఎవరో ఫ్రిజ్ నీళ్లు ఇచ్చారు. "చల్లనీళ్లు ఇస్తారా గొంతు మీద బతికేవాళ్లకి? ఇంతకంటే విషం ఇవ్వచ్చుగా నాయనా!" అని ఆమె అంటోంది. అరవడం లేదు. మామూలుగానే అంటోంది, కానీ ఆ ఆఫీసులో ప్రతి గదిలోనూ వినిపిస్తోంది. డైరెక్టర్ గారు నా భుజం మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు.

"ఆ గొంతు ఎవరిది?" అన్నాడు.

అలా పాట కోసం వెళ్లింది నేనైతే, అవకాశం వచ్చింది ఆంటీకి. ఆ సినిమాలో హీరో నానమ్మ పాత్ర వేసిన నటి ముంబై నుంచి వచ్చింది, తెలుగు రాదు. ఆమెకు గొంతు కావాలి. సినిమా అంతా ఉండే పాత్ర, మనవణ్ని తిట్టే పెద్ద సీను కూడా ఉంది. ఒక మొహానికి ఆంటీ గొంతు. ముప్పై ఏళ్లలో మొదటిసారి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ నానమ్మ తెలంగాణ మనిషి. ఆంటీకి రాని భాష అదొక్కటే. "గిట్ల" అంటే ఆమె నోట్లో "ఘిట్లా" అయ్యేది, ఎవరో పక్కింటి ఆవిణ్ని పిలిచినట్టు.

ఆమె నన్ను నేర్పమంది. నాకు మండిపోతోంది. నా మాటలు పనికిరావన్న ఆ డైరెక్టర్‌కి మా నానమ్మ మాటలు కావాలా? అందులోనూ ఆంటీకి ఎందుకు రావాలి, నాకు రావలసింది? రెండు రోజులు గోడ కొట్టింది. నేను పాట పెద్దగా పెట్టుకున్నాను. మూడోరోజు మెట్ల మీద చప్పుడైతే తలుపు తీశాను. ఆంటీ నీళ్ల డబ్బాను ఒక్కొక్క మెట్టూ ఎత్తిపెడుతూ తెచ్చుకుంటోంది. రెండో అంతస్తు దాకా వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"నీకు కోపం వచ్చింది, తెలుసు" అంది. "ఆ రోజు 'జూ' దగ్గర నువ్వు ఆగిపోతుంటే నేను బయట కూర్చుని నీ కోసం ఊపిరి బిగబట్టాను రా. ఆరుసార్లూ. చచ్చేదాన్ని. మళ్లీ అట్లా చెయ్యకు."

డబ్బా అందుకున్నాను. "రేపు షేక్‌పేటకు పోదాం. నాకంటే మంచిగ నేర్పేటోళ్లున్నరు" అన్నాను.

మా నానమ్మకు డెబ్బై ఎనిమిది. ఆంటీ నోట్‌బుక్కు, పెన్ను పట్టుకుని ఆమె ముందు చాప మీద కూర్చుంది. మర్యాదగా మొదలుపెట్టింది.

"అమ్మా, 'ఎందుకు వచ్చావు' అన్నది మీరు ఎలా అంటారు?"

"ఎందుకొచ్చినవ్?" అంది నానమ్మ.

"మీ మనవడు తీసుకొచ్చాడండీ, మీ మాట నేర్చుకోవడానికి..."

"గదే. ఎందుకొచ్చినవ్ అంటం."

"అదేనండీ, నేర్చుకోవడానికని..."

నేను మధ్యలో దూరి ఇద్దరినీ విడదీయాల్సి వచ్చింది. తరువాత ఆంటీ, "మీ మనవడు ఏదో తప్పు చేసి వచ్చాడనుకోండి. ఎట్లా తిడతారో ఒకసారి అనండి" అంది.

నానమ్మ నా వైపు తిరిగింది. కళ్లు చిన్నవయ్యాయి. "ఏం తప్పు జేసినవ్‌రా?"

"ఏం చెయ్యలే నానమ్మా, ఉత్తగ అడుగుతున్నది."

"ఉత్తగ ఎవరన్న గంత దూరం నుంచొచ్చి అడుగుతరా? చెప్పు! ఏం జేసినవ్?"

ఇక మొదలైంది. చదువు ఆపేసిన దగ్గర్నుంచి, నా జుట్టు, నా తిరుగుడు, చిన్నప్పుడు పక్కింటి మేకకు రంగు పూసిన సంగతి, అన్నీ వచ్చాయి. పావుగంట. చుట్టుపక్కల వాళ్లు కూడా తలుపుల దగ్గరికి వచ్చారు. ఆంటీ తలెత్తకుండా రాస్తూనే ఉంది. నానమ్మ అలిసిపోయి, కొంగు సరిచేసుకుని, "తిన్నవా బిడ్డా?" అని ఆపేసింది.

ఆంటీ నోట్‌బుక్కు మూసింది. "అద్భుతం అండీ. ఇంకొక్కసారి అంటారా?"

సాయంత్రం దాకా ఉన్నారిద్దరూ. నానమ్మకు ముందు పళ్లు రెండు లేవు. కొన్ని మాటల దగ్గర గాలి పోతుంది. ఆంటీ నన్ను పక్కకు పిలిచి, చాలా గంభీరంగా, "ఇది యాసా, పన్నా?" అని అడిగింది. పన్ను అని చెప్పాను. కొట్టేసి, కాసేపు ఆలోచించి, మళ్లీ రాసుకుంది. వచ్చేటప్పుడు ఆటోలో, "మీ నానమ్మ కోపం మాటల్లో లేదురా. మాట ఆపి కొంగు సర్దుకుంటుంది చూడు, అక్కడుంది" అంది.

డబ్బింగ్ రోజు నన్ను కూడా లోపల కూర్చోబెట్టమని పట్టుబట్టింది. డైరెక్టర్ గారు ప్రతి మాటలో ఒక 'గిట్ల', ఒక 'గట్ల' వెయ్యమన్నాడు. అప్పుడే తెలంగాణ అని తెలుస్తుందట. ఆంటీ హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"నేను ఆవిడ దగ్గర ఒక రోజంతా కూర్చున్నానండీ. మూడుసార్లే 'గిట్ల' అంది. మీరు ఒక్క పేజీలో పదకొండు రాశారు."

"ఎవరమ్మా ఆవిడ?"

"షేక్‌పేటలో ఉంటారు. వెళ్లి అడిగి రండి. తిడతారు, పర్వాలేదు."

డైరెక్టర్ గారు వెళ్లలేదు గానీ, ఎనిమిది 'గిట్ల'లు కొట్టేశాడు. తిట్టే సీను మొదలైంది. తెర మీద ముంబై నటి నోరు కదులుతోంది, మా నానమ్మ తిడుతోంది. మధ్యలో ఆగింది. ఆ ఆగిన చోట కొంగు సర్దుకున్న చప్పుడు. ఆంటీ నిజంగానే తన చీర కొంగు సర్దుకుంది. తరువాత, మెల్లగా, "తిన్నవా బిడ్డా?" పేపర్ మీద ఆ మాట లేదు.

ఇంజనీర్ మైకులో, "చాలా బాగుందమ్మా, కానీ ఇంకోసారి. లోపల ఎవరో ముక్కు చీదారు" అన్నాడు. నన్ను బయటికి పంపించేశారు.

సినిమా విడుదలైన రోజు ఉదయం ఆటకు ముగ్గురం వెళ్లాం. నా పాట నలభై సెకన్లు ఉంది, వేరే గొంతులో, రెండు దీర్ఘాలతో. సినిమా అయిపోగానే జనం లేచి నిలబడ్డారు. టైటిళ్లు పైకి పోతున్నాయి, మాకేమీ కనబడటం లేదు. ఆంటీ సీటు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడింది, అయినా అందలేదు. అప్పుడు ఎక్కడి నుంచో ఒక పోలీసు ఆఫీసర్ గొంతు, "ఎక్కడివాళ్లు అక్కడ కూర్చోవాలి!" అంది. నాలుగు వరుసలు టక్కున కూర్చున్నాయి.

ఆమె పేరు వచ్చింది. తెలుగులోనే వేశారు. కానీ అందులో ఒక దీర్ఘం లేదు.

నేనూ ఇమ్రానూ ఒకరినొకరం చూసుకున్నాం. ఆంటీ ఆ పేరు పైకి వెళ్లిపోయే దాకా చూసి, తాపీగా మఫ్లరు సర్దుకుంది.

"నా దీర్ఘం తీసి నీ పాటలో పెట్టుకున్నార్రా" అంది. "మొత్తానికి సినిమాలోనే ఉందిలే."

మర్నాడు పొద్దున ఏడున్నరకు చూస్తే ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగుతోంది. ఎక్కడికాంటీ అంటే, "పెళ్లిరా. మనుషులు తక్కువయ్యారట" అంది. ఎవరన్నా అడిగితే ఇంకో రెండు పాత్రలకు డబ్బింగ్ చెప్పింది ఆ ఏడాది. గుంపు పని మాత్రం మానలేదు. పదిమందిలో ఉంటేనే గొంతు ఆరోగ్యంగా ఉంటుందని ఆమె నమ్మకం.

వర్షాకాలంలో ఒక శనివారం క్వైర్ ప్రాక్టీసులో కూర్చుండిపోయిందట. గుండె. రెండు రోజులకే పోయింది. నేను అప్పుడు వరంగల్‌లో ప్రోగ్రాం చేస్తున్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె గదికి ఇప్పుడు ఇద్దరు ఎడిటర్లు వచ్చారు, మంచి పిల్లలు. నా రికార్డింగ్ గట్టిగా ఉన్నా ఏమీ అనరు. అదే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఈ మధ్య షేక్‌పేట వెళితే ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. లోపల టీవీలో ఆ సినిమా. గల్లీలో ఆడవాళ్లంతా కింద కూర్చుని ఉన్నారు. మా నానమ్మ ఒక్కతే కుర్చీలో ఉంది.

"ఇగో ఇనుండ్రి, నేనే మాట్లాడుతున్న. మొఖం ఎవలదో, గొంతు నాది" అని చెబుతోంది. పక్కింటావిడ నానమ్మ నోటి వైపు, టీవీ వైపు మార్చి మార్చి చూస్తూ, "అవునే, నీదే" అంటోంది.

నాకు ఆగలేదు. నానమ్మ చెవి దగ్గర వంగి, "గట్ల అబద్ధం చెప్తవేంది? గొంతు ఆంటీది గదా" అన్నాను.

"నాకెరుకలేదారా?" అంది నానమ్మ, అంతే మెల్లగా. "గా మనిషి ఎవరో వీళ్లకు తెలువదు. ఆమెది అంటే మాట్లాడుకుంట కూసుంటరు. నాది అంటే జర చెవి వెట్టి ఇంటరు." నా చెయ్యి పట్టుకుని కిందికి గుంజింది. "కూసో. సప్పుడు జేయకు. ఇప్పుడొస్తది ఆమె తిట్టుడు."

గల్లీ అంతా మాటలాపింది. నేను గోడకు ఆనుకుని, పక్కింటావిడ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను.